వట్టం

మా ఊళ్లో రూపాయికి బొమ్మా బొరుసూ కాదు,
రెండు ఒడ్లు ఉండేవి.

ఈ ఒడ్డున సిరోంచ. ఇక్కడ కల్దారు,
దాని మీద ఇంగ్లీషు రాజు తల.
ఆ ఒడ్డున కాళేశ్వరం. అక్కడ హాలీ సిక్కా,
దాని మీద చార్మినార్.
నడుమ గోదారి,
అప్పుడే ప్రాణహితను కలుపుకుని ఒళ్లు చేసినది,
ఎవరి బొమ్మనూ ఒంటి మీద నిలవనీయనిది.

మా ముత్తాత కొండ్ర బక్కయ్య
రేవులో తడిక నీడన
ఒక గొంగడి, ఒక త్రాసు, ఒక నల్లరాయి పెట్టుకుని
రూపాయలతో రూపాయలు కొనేవాడు.
"పైసలకు పైసలిస్తివి, నడుమ నీకేం మిగిలె?"
పడవ నడిపే జాడి ఓదెలు అడిగేవాడట.
"సప్పుడు," అనేవాడట ముత్తాత,
నాణేన్ని రాయి మీద మోగించి.

ఆయన చిట్టా నా దగ్గరుంది.
మొదటి పుటలో, దేవుడి పేరు కింద:
వంద కల్దార్లకు
నూట పదహారు హాలీలు, పది అణాలు, ఎనిమిది పైలు.
అంటే ఏడుకు ఆరు.
అది పట్నంలో కూర్చున్నవాళ్లు రాసిన ధర.
రెండో పుట నుంచి గోదారి రాసింది.

శ్రావణం. వరద. పడవ కట్టేశారు.
ఈ ఒడ్డున చిక్కుకున్న హాలీని అడిగేవాడు లేడు.
నూట ఇరవై రెండు.
నీళ్లు తీశాయి. మిరపకాయల బేరగాళ్లు దిగారు.
నూట పద్నాలుగు.
అవతల కరోడ్‌గిరి నాకాకు కొత్త జమాదారు,
హాలీ తప్ప ముట్టడు, లంచమైనా సరే.
నూట పన్నెండు.
ఒకచోట ధర బదులు:
"మేనకోడలి పెండ్లి. నూట పదహార్లు చదివిస్తిమి.
ఏ రూపాయలని ఎవ్వరడుగలే."
ఆ ఆచారం ఈ లెక్కలోంచే పుట్టిందంటారు కొందరు.
నేను ఒట్టు వెయ్యను.

యుద్ధం పుటలో వెండి పలచబడింది.
కాగితం రూపాయి వచ్చింది.
రాయి మీద కొడితే పలకలేదు.
ముత్తాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని
"వట్టి మాట," అన్నాడట.
అయినా పుచ్చుకున్నాడు.
మాట మీద నడవనిది ఏ రూపాయి గనక.

నేను అదే వీధిలో
బ్యాంకు మిషను పెట్టుకుని కూర్చుంటాను.
వేలిముద్ర వెయ్యి, డబ్బు తీసుకో.
నదికి వంతెన పడింది, రూపాయి ఒకటే అయింది,
హాలీలు కరిగి ఎవరెవరి కాళ్లకో కడియాలయ్యాయి.
బడిలో నేర్చింది సాత్ సక్ బేచాళ్,
ఇంట్లో నేర్చింది ఏడార్ల నలభై రెండు.
ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చుకునేటప్పుడు
నాకు వట్టం పడలేదనే అనుకుంటాను.
చిట్టా రాసుకోలేదు కాబట్టి చెప్పలేను.

చివరికి వస్తున్నాను.
రజాకార్ల ఏడు. ఆ వానాకాలం
ధర పూటకోసారి జారింది.
నూట ఇరవై అయిదు. నూట ముప్ఫై.
సర్కారే ఉంటదో పోతదో, దాని సిక్కా ఎవడికి?
నూట నలభై దగ్గర సిరా అలుక్కుపోయింది.

ఆ రాత్రి ఓదెలు దీపం లేకుండా పడవ దాటించాడు.
దిగింది బొమ్మెన రాజవ్వ,
చంకలో పిల్ల, కొంగున ముడి.
ముడిలో ముప్ఫై అయిదు హాలీలు.
ఎంతొస్తదని అడగలేదు. మూట విప్పి పెట్టింది.

రేవు ధరకు ఇరవై అయిదు కల్దార్లు.
ముత్తాత ఒక్క నాణెమూ మోగించి చూడలేదు.
ముప్ఫై లెక్కబెట్టి ఇచ్చాడు,
మొదటి పుటలోని ఏడుకు ఆరు.

ఆ అయిదు రూపాయలను
ఏ పద్దు కింద చూపాలో తోచనట్టుంది.
రెండుసార్లు రాసి కొట్టేసి,
మూడోసారి రాశాడు:
"గోదారిల ఏసిన."